ఒక తూటాకు రెండు ప్రమాణములు

కాల్చిన తూటా యొక్క ఇత్తడి గుల్లను పారవేయక, దానికి క్రొత్త ప్రైమరును బిగించి, తగినంత పొగలేని మందును తూచి పోసి, మూతియందు క్రొత్త గుండును అమర్చి, మరల ప్రయోగమునకు సిద్ధము చేసికొనుట అమెరికా, ఫిన్లండు మొదలగు దేశములలోని గురికాండ్రకు తరతరములుగా అలవాటైన పని. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ననుసరించి లైసెన్సు లేనిదే ఎవ్వరును తూటాలు తయారుచేయరాదు గనుక ఈ విద్య తెలుగు పాఠకులకు అంతగా పరిచితము కాదు. అయినను దీనియందు ఇమిడియున్న శాస్త్రసమస్య మాత్రము ప్రయోగశాలలో అడుగిడిన ప్రతి విద్యార్థికిని ఎదురగునట్టిదే. ఆ గురికాండ్రు మందును ఊహచేత పోయరు. గుండ్లు చేయు సంస్థలును, మందు చేయు సంస్థలును ప్రకటించు పట్టికల గ్రంథములు వారియొద్ద నుండును. ఏ తూటాయందు, ఎంత బరువుగల గుండు వెనుక, ఏ పేరుగల మందును ఎంతతో ప్రారంభించి ఎంతవరకు పోయవచ్చునో, పోసినచో గుండు ఎంత వేగముతో వెలువడునో ఆ పట్టికలు చెప్పును. అట్టి గ్రంథములు రెండింటిని ప్రక్కప్రక్కన తెరచి, ఒకే తూటాను, ఒకే బరువు గుండును, ఒకే పేరుగల మందును వెదకినచో, గరిష్ఠ పరిమాణములు తరచుగా ఏకీభవింపవు. ఒక గ్రంథము ఇక దాటరాదని చెప్పిన పరిమాణమును మించి వేరొక గ్రంథము నిశ్చింతగా పోవుచుండుట కలదు.

ఈ భేదమును క్రొత్తగా చూచినవాడు రెండింటిలో ఒకటి తప్పై యుండవలెననియో, లేక తక్కువ పరిమాణము చెప్పిన సంస్థ వ్యాజ్యములకు వెరచి అంకెను కావలెనని తగ్గించినదనియో తలపోయును. ఈ రెండవ అభిప్రాయము గురికాండ్రలో మిక్కిలి ప్రచారము గలది. నా దృష్టిలో రెండును అసలు కారణమును తాకవు. పట్టికయందలి అంకె మందుయొక్క స్వభావగుణము కాదు. నీటి మరుగు ఉష్ణోగ్రతవలె, బంగారపు సాంద్రతవలె అది ఒక పదార్థమునకు చెందిన స్థిరాంకము కాదు. ఒకానొక గొట్టములో, ఒకానొక గుల్లతో, ఒకానొక విడుదలకు చెందిన మందుతో, ఒకానొక యంత్రముచే కొలువబడిన ప్రయోగముయొక్క వృత్తాంతమే ఆ అంకె. రెండు భిన్న ప్రయోగముల వృత్తాంతములు అక్షరాలా ఒకటైనచో అనుమానింపవలసినదే గాని, భేదించినచో ఆశ్చర్యపడవలసిన పని లేదు.

తూటాలో జరుగు క్రియను కొంచెము నిదానించి చూచినగాని ఇది బోధపడదు. తుపాకి మందు ప్రేలుడు పదార్థమువలె ఒక్క క్షణమున ముక్కచెక్కలై పోదు. అది పలుకు పలుకుగా, ఉపరితలమునుండి లోపలికి మండును. మండినకొలది వాయువులు పుట్టును. మూతబడిన చోట వాయువులు పెరిగినకొలది పీడనము పెరుగును. పీడనము పెరిగినకొలది మందు మరింత త్వరగా మండును. 1884లో ఫ్రెంచి సైన్యమునకు పొగలేని మందును కనిపెట్టి యిచ్చిన పాల్ వియెయ్ అను రసాయనజ్ఞుడు మంట వేగమునకు పీడనమునకు గల యీ సంబంధమును సూత్రరూపమున నిరూపించెను. తన ఫలమే తనకు కారణమై విజృంభించు ఇట్టి క్రియకు అడ్డుకట్ట వేయునది గుండుయొక్క గమనము: గుండు గొట్టములో ముందుకు జరిగినకొలది దాని వెనుకనున్న చోటు విశాలమై పీడనమును సడలించును. పెరుగుట, సడలుట అను ఈ రెండింటికి జరుగు పందెము సెకనులో వెయ్యవ వంతు, లేదా అంతకు కొంచెము హెచ్చు కాలములో ముగిసిపోవును. పీడనము తన శిఖరమును గుండు ఇంకను గొట్టపు మొదటి భాగమున నుండగనే చేరుకొనును. కాబట్టి ప్రారంభమున గుండునకు కలుగు అత్యల్పమైన ప్రతిబంధము, గుల్లలోని చోటులో గల అత్యల్పమైన హెచ్చుతగ్గు, ప్రైమరునుండి వెలువడు జ్వాలలోని అత్యల్పమైన భేదము, అన్నియును ఆ శిఖరముపై తమ బరువును మించిన ప్రభావమును చూపును. మందును నూటికి రెండు మూడు పాళ్ళు పెంచినచో పీడనము అంతమాత్రమే పెరుగుననుకొనుట పొరపాటు. అది అంతకు మించియే పెరుగును. గరిష్ఠమునకు సమీపించినకొలది ఆ మించుట తీవ్రమగును.

ఇంత త్వరగా పుట్టి ఇంత త్వరగా నశించు పీడనమును కొలుచుట ఎట్లు? ఈ ప్రశ్న నేటిది కాదు. ప్రకటితమైన అంకెల నడుమ వైరుధ్యమును నేటిది కాదు. 1742లో బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్ల గణితజ్ఞుడు ఫిరంగివిద్యకు నూతన సూత్రములను ప్రతిపాదించుచు ఒక గ్రంథమును వెలువరించెను. గుండును వ్రేలాడు బరువైన లోలకమునకు తాకించి, అది ఊగిన దూరమునుబట్టి గుండు వేగమును లెక్కకట్టుట ఆయన కల్పనయే. అప్పటికి గుండు వేగమును కొలిచిన సాధనము వేరొకటి లేదు. మూసిన పాత్రలో మండిన నల్లమందు వాయుమండల పీడనమునకు సుమారు వెయ్యి రెట్లు పీడనమును కలిగించునని ఆయన నిర్ణయించెను. ఈ మహనీయుడు పిదప ఈస్టిండియా కంపెనీ కొలువున మన తీరమునకు వచ్చి, చెన్నపట్టణపు కోటను, కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోటను బాగుచేయించు పనిలో నుండగా 1751లో ఆ సెయింట్ డేవిడ్ కోటయందే కాలధర్మము చెందెను. తుపాకిశాస్త్రమునకు పునాది వేసినవాని తుదిదినములు కోరమాండలు తీరమున గడచినవన్న సంగతి మనవారిలో ఎక్కువమందికి తెలియదు, తెలియవలసినది.

రాబిన్స్ తరువాత అర్ధశతాబ్దమునకు, మ్యూనిక్ నగరమున రమ్‌ఫర్డ్ ప్రభువు అదే నల్లమందును చిన్న గట్టి ఇనుప పాత్రలో మండించి, పాత్ర మూతపై ఎంత బరువు నుంచిన మూత లేవకుండునో చూచెను. ఒక సందర్భమున పాత్రయే పగిలిపోయినది. ఆయన ప్రకటించిన పీడనము వాయుమండల పీడనమునకు యాబదివేల రెట్లకు పైమాట. మరల ఎనుబదేండ్లకు, 1875 ప్రాంతమున, ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ అను నిరువురు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు మందుతో నిండిన ఉక్కు పాత్రలో పీడనము సుమారు ఆరువేల నాలుగువందల రెట్లని తేల్చిరి. వెయ్యి, యాబదివేలు, ఆరువేల నాలుగువందలు! పదార్థము ఒక్కటియే, మువ్వురును నిజాయితీగల ప్రయోగకర్తలే. రాబిన్స్ మందునుండి వెలువడిన వాయువు పరిమాణమును, మంటలో దాని వేడిమిని వేర్వేరుగ ఊహించి పీడనమును కట్టెను; రమ్‌ఫర్డ్ పాత్ర బ్రద్దలగుటకు కావలసిన బలమును లోహపు దార్ఢ్యమునుండి లెక్కించెను; నోబుల్ పీడనమునే లోహముపై ముద్రవేయించి చదివెను. కొలుచు తీరు మారగా అంకె మారినది. నేటి పట్టికల వైరుధ్యమునకు మూలపురుషులు వీరే యనవచ్చును.

నోబుల్ వాడిన సాధనము వందేండ్లకు పైగా తూటాల పీడనమునకు ప్రామాణికమై నిలిచినది గనుక దానిని కొంచెము వివరింతును. పరీక్షకై చేసిన గొట్టమునకు తూటా నిలుచు అరపైన ఒక రంధ్రము తొలిచి, అందు ఒక చిన్న ఉక్కు ముషలకమును అమర్చి, దాని తలపైన ఒక చిన్న రాగి స్తంభమును నిలిపి, పైన కదలని దిమ్మెతో బిగింతురు. కాల్చినపుడు వాయువు ముషలకమును పైకి త్రోయును, రాగి నలుగును. నలిగిన స్తంభపు పొడవును కొలిచి, ఆ రాగిని ఇచ్చినవారు జతచేసిన పట్టికలో చూచినచో పీడనము తెలియును. ఇంతకు మునుపే అమెరికాలో సైనికాధికారి రాడ్మన్, రాగి పలకపై కత్తి దిగిన లోతునుబట్టి ఫిరంగుల పీడనమును చదువు సాధనమును చేసియుండెను. రెండింటి తత్త్వము ఒకటే. సాధనము సులభము, చౌక, మన్నిక గలది. కాని దాని పట్టిక సిద్ధమగునది రాగిని నిదానముగ నొక్కియే గాని, తుపాకిలోవలె సెకనులో వెయ్యవ వంతులో నొక్కి కాదు. లోహము నలుగుటకు కొంత వ్యవధి కావలెను. శిఖరము సూదివలె సన్ననిదైనచో రాగి ఆ శిఖరమును అందుకొనులోపలనే అది దాటిపోవును. అందువలన రైఫిలు తూటాల విషయమున రాగి చూపిన అంకె వాస్తవ శిఖరమునకు సాధారణముగా తక్కువగా నుండెడిది. అయినను ఆ కాలపు గ్రంథములు దానిని నిస్సంకోచముగ చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులని ముద్రించుచు వచ్చినవి.

ఒత్తిడి పడినపుడు కొన్ని స్ఫటికములయందు విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు కనిపెట్టిరి. ఆ గుణమును ఉపయోగించి, క్వార్ట్‌జు స్ఫటికమును గొట్టములో నమర్చి, పీడనముయొక్క ఉత్థానపతనములను క్షణక్షణము గీతగా చిత్రింపగల సాధనములు ఇరువదవ శతాబ్దమున వచ్చినవి. తూటాల సంస్థలు క్రమముగా రాగిని విడిచి స్ఫటికమును చేపట్టగా, పాత అంకెలను పౌనులని పిలుచుట తగదని గ్రహించి, వాటిని ‘రాగి ప్రమాణములు’ అను వేరు పేరుతో పేర్కొనసాగిరి. ఇప్పుడొక విచిత్రము చూడుడు. అమెరికాయందు ప్రసిద్ధములైన మూడు రైఫిలు తూటాలు కలవు: .223 రెమింగ్టన్, .308 వించెస్టర్, .270 వించెస్టర్. రాగి కొలతలో మూడింటికిని అనుమతింపబడిన గరిష్ఠము ఒక్కటియే, 52,000. స్ఫటికపు కొలతలో మొదటిదానికి 55,000 పౌనులు, రెండవదానికి 62,000, మూడవదానికి 65,000. రాగికి సమానముగ కనబడిన మూడు పీడనములు స్ఫటికము ముందు మూడు విధములైనవి. .357 మాగ్నమ్ అను రివాల్వరు తూటా విషయమున సంగతి తలక్రిందులు: రాగిలో 45,000 గా నుండిన గరిష్ఠము స్ఫటికపు ప్రమాణములో 35,000 కు దిగినది. కాబట్టి ఒక కొలతను వేరొక కొలతలోనికి మార్చు గుణకము కలదని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. 1960 నాటి గ్రంథమును, నేటి గ్రంథమును ఎదురుగ నుంచుకొని పోల్చువాడు రెండు భాషలలోని సంఖ్యలను ఒకే భాషయని చదువుచున్నాడన్నమాట. పాత గ్రంథముల యందలి కొన్ని పరిమాణములు క్రొత్త కూర్పులలో తగ్గుటకు ముఖ్యకారణము న్యాయవాదుల భయము కాదు; అంతకు మున్ను కనబడని శిఖరములు స్ఫటికమునకు కనబడుటయే.

స్ఫటికమును చేపట్టినవారందరును దానిని ఒకే చోట నుంచిరా యనిన, అదియును లేదు. ఈ విషయమున ప్రపంచమునకు ముఖ్యముగా రెండు ప్రమాణసంస్థలు కలవు. బెల్జియములోని లియేజ్ నగరమున 1914లో చిన్న ఆయుధముల పరీక్షకై ఏర్పడిన శాశ్వత అంతర్జాతీయ సంఘము ఒకటి, సి.ఐ.పి. అని వాడుక. సభ్యదేశములలో దాని నిర్ణయములకు చట్టబలము కలదు. 1926లో అమెరికా తయారీదారులు ఏర్పరచుకొన్న సామీ అను సంస్థ రెండవది. దాని ప్రమాణములు స్వచ్ఛందములు. ఐరోపా సంఘపు పద్ధతిలో ఇత్తడి గుల్లకే రంధ్రము చేసి వాయువును నేరుగ స్ఫటికమునకు తగులనిత్తురు. అమెరికా పద్ధతిలో గుల్లను తొలువరు. అర గోడకు సరిపోవునట్లు వంపుగా చెక్కిన స్ఫటికపు ముఖమును గుల్లకు ఆనించి, గుల్ల ఉబ్బుటకు వ్యయమైన ఒత్తిడిని వేరుగ కొలిచి సవరింతురు. ఉత్తర అట్లాంటిక్ కూటమి సైనిక పరీక్షలలో కొలత తీయు చోటు గుల్ల మూతివద్ద. వాయువు అంతటను ఒకే సమయమున ఒకే పీడనముతో నుండదు గనుక చోటు మారిన అంకె మారును. .223 తూటాకు అమెరికా సంస్థ 55,000 పౌనులని చెప్పగా, ఐరోపా సంఘము 4300 బార్లు, అనగా 62,000 పౌనులకు పైన, అని చెప్పుటలో ఈ కొలతభేదమునకు పాలు కలదు.

ఇంతవరకు చెప్పినది కొలతయొక్క భేదము. కొలతతో నిమిత్తము లేక, చరిత్రవలన కలిగిన భేదమునకు జర్మనుల 8×57 మౌజర్ తూటాకంటె మంచి ఉదాహరణము నాకు తెలియదు. 1888లో జర్మను సైన్యము పొగలేని మందుతో క్రొత్త రైఫిలును స్వీకరించినపుడు దాని గుండు వ్యాసము 0.318 అంగుళము, మొన గుండ్రనిది, బరువు సుమారు 14.7 గ్రాములు. 1905లో వాడిమొనగల సుమారు 10 గ్రాముల తేలిక గుండు వచ్చినది. దాని వ్యాసము 0.323 అంగుళము. భేదము అంగుళములో వెయ్యింట అయిదు వంతులు మాత్రమే, కంటికి కనబడదు. ఇత్తడి గుల్ల మాత్రము చూపునకు దాదాపు మారలేదు. పాత సన్నని గొట్టముగల రైఫిలులో క్రొత్త లావు గుండుగల తూటా సులభముగ దూరిపోవును; కాల్చినపుడు గుండు తనకంటె ఇరుకైన దారిలో బలవంతముగ దూరవలసివచ్చి పీడనము ప్రమాదస్థాయికి పోవచ్చును. రెండు ప్రపంచయుద్ధముల పిమ్మట అమెరికాకు చేరిన జర్మను రైఫిళ్ళలో ఏవి పాత గొట్టములవో, ఏవి క్రొత్తవో కొన్నవాడు ఎరుగకపోవచ్చును. అందువలన అమెరికా సంస్థ ఆ తూటాకు గరిష్ఠ పీడనమును 35,000 పౌనులుగా నిర్ణయించినది. ఐరోపాలో రెండు రకములను వేరుపరచి, వేరు గుర్తులు పెట్టి, పరీక్షాలయ ముద్ర లేనిదే తుపాకిని అమ్మరాదను చట్టముగల దేశములలో అట్టి భయమునకు తావు తక్కువ గనుక, లావు గుండు రకమునకు సి.ఐ.పి. 3900 బార్లు, అనగా 56,500 పౌనులకు పైన, అనుమతించినది. ఒకటిన్నర రెట్లకు మించిన భేదము! అమెరికా గ్రంథమును తెరచినవానికి ఈ తూటా బలహీనమైనదిగను, ఐరోపా గ్రంథమును తెరచినవానికి అదే తూటా ఏ వేటకైనను చాలినదిగను తోచును. గుల్లయందలి ఇత్తడి బలము రెండు చోట్లను ఒకటే. మారినది ఆ తూటా ఎవరి చేతిలోని ఏ తుపాకిలోనికి పోవుననెడి ఊహ. 1873లో పుట్టిన .45-70 తూటాకు కొన్ని గ్రంథములు ఒకే పేరు క్రింద మూడు వేర్వేరు పట్టికలను, పాతకాలపు బలహీన రైఫిళ్ళకు ఒకటి, మధ్యస్థములకు ఒకటి, నేటి బలిష్ఠములకు ఒకటి చొప్పున ముద్రించుటయు ఇందుచేతనే. ఈ పద్ధతి నాకు మిక్కిలి మెచ్చదగినదిగ తోచును. ఊహను దాచక పైకి చెప్పుట అందులో నున్నది.

ఇక సామగ్రి సంగతి. బరువు సమానమైనంత మాత్రమున రెండు గుండ్లు సమానములు కావు. సీసమును పలుచని రాగి తొడుగులో పోసిన గుండు గొట్టపు గాళ్ళలో మెత్తగ ఒదుగును. కేవలము రాగితో చేసిన గుండు సీసముకంటె తేలికలోహమగుటచే అదే బరువునకు పొడవుగ నుండి, గుల్ల లోపలి చోటును ఎక్కువగ ఆక్రమించి, గొట్టముతో మరింత గట్టిగ ఒరయును. గుండు చేయు సంస్థ తన గుండుతోనే పరీక్షించును. మందు చేయు సంస్థ తనకు అనువైన ఏదో యొక గుండుతో పరీక్షించును. గుల్లల లోపలి ఘనపరిమాణము తయారీదారునిబట్టి మారును. సైన్యమునకు చేసిన గుల్లలు తరచు దళసరి. ప్రైమరులలోను మృదువైనవియు తీవ్రమైనవియు కలవు. పరీక్షకు వాడిన గొట్టము ప్రమాణసంస్థ చెప్పిన కనిష్ఠ కొలతలకు సూక్ష్మముగ చెక్కిన పరీక్షా గొట్టమా, లేక అంగడిలో కొన్న మామూలు రైఫిలా యన్న దానిమీద సైతము వేగము, పీడనము రెండును మారును. కొన్ని గ్రంథములు మొదటిదానిని, కొన్ని రెండవదానిని వాడినవి. చదువువాడు ముందుమాటలో గాని దీనిని కనుగొనలేడు. పట్టికకే నేరుగ పోవువారు ముందుమాటలను చదువకపోవుట ఈ రంగమున కలుగు అపార్థములలో సగమునకు మూలమని నా నమ్మకము.

మందు పేర్లు తెచ్చిపెట్టు చిక్కు వేరు. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాయందు బ్రూస్ హాడ్గ్‌డన్ అను నాతడు సైన్యమున మిగిలిపోయిన మందును టోకుగ కొని గురికాండ్రకు అమ్మసాగెను. వానిలో 4831 అను సంఖ్యగల మందు ఇరువది మిల్లీమీటర్ల ఫిరంగి తూటాలకై చేసినది. తరువాతి కాలమున ఐ.ఎమ్.ఆర్. అను పేరుతో వేరొక 4831 అంగడికి వచ్చినది. అది హాడ్గ్‌డన్ వారి దానికంటె త్వరగ మండును. సంఖ్య ఒకటే, ముందున్న అక్షరములు వేరు; అక్షరములను లక్ష్యపెట్టనివాడు ఒకదాని పరిమాణమును వేరొకదానికి వాడి ప్రమాదము తెచ్చుకొనును. దీనికి ఎదురు సంగతియు కలదు. హాడ్గ్‌డన్ వారి హెచ్.110, వించెస్టర్ వారి 296 అనునవి రెండు పేర్లతో అమ్ముడువోవు ఒకే మందు, హెచ్.పి.38, వించెస్టర్ 231 అనునవియు అట్టివే. వించెస్టర్ మందుల విక్రయము తమ చేతికి వచ్చిన పిమ్మట హాడ్గ్‌డన్ వారే ఈ సంగతిని ఒప్పుకొనిరి. అయినను అంతకు మున్ను వెలువడిన గ్రంథములలో ఈ జంటపేర్లకు గరిష్ఠములు వేరువేరుగ కనబడుచునే యుండినవి. పట్టికల భేదము మందులోని భేదమువలననే కలుగుననువారికి ఇంతకంటె స్పష్టమైన సమాధానము లేదు: మందులో భేదము లేనిచోటను పట్టికలు భేదించినవి.

ఒకే పేరు మందు సైతము ప్రతి విడుదలలోను ఒకే తీరుగ మండదు. క్రొత్త బియ్యమునకును పాత బియ్యమునకును ఒకే ఎసరు పెట్టు ఇల్లాలు లేనట్లే, పెద్ద తూటా కర్మాగారములు తమకు వచ్చిన ప్రతి విడుదల మందును ముందుగ పరీక్షించి, ఆ విడుదలకు తగినంత పరిమాణమును తామే నిర్ణయించుకొనును. గురికానికి పీడనమును కొలుచు వసతి లేదు గనుక, అతనికై డబ్బాలలో అమ్ము మందును వివిధ విడుదలలను కలిపి, హెచ్చుతగ్గులు ఇరుకైన హద్దులలో నుండునట్లు సవరించి పంపుదురు. ఆ హద్దులు ఇరుకైనవేగాని శూన్యములు కావు. ఒక సంస్థ హద్దు పైయంచునున్న విడుదలతోను, వేరొక సంస్థ క్రిందియంచునున్న దానితోను పరీక్షించియుండుట సహజము.

ఉష్ణోగ్రతకు వచ్చినచో మన దేశపు అనుభవమునకే తావు కలదు. అమెరికా ప్రమాణము ప్రకారము పరీక్షాతూటాలను సుమారు 21 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమిలో నుంచి కాల్తురు. వేడెక్కిన మందు త్వరగ మండును, పీడనము పెరుగును. 1889లో ఏబెల్, డ్యూవర్ అనువారు కనిపెట్టిన కార్డైటు అను బ్రిటిష్ మందులో సగమునకు మించి నైట్రోగ్లిసరిన్ ఉండెడిది. ఆ మందు ఎండకు మిక్కిలి వశమగును. అందుచేత ఇండియాకును ఆఫ్రికాకును వచ్చు వేటగాండ్రకై ఆంగ్ల తయారీదారులు పీడనము తక్కువగ నుండు పెద్ద తూటాలను రూపొందించుటయే గాక, కొన్నింటిని మందు తగ్గించి ఉష్ణదేశముల కొరకని ప్రత్యేకముగ అమ్మిరి. ఒకే పేరుగల తూటాకు లండనులో ఒక పరిమాణము, వేసవిదేశములకు మరియొక పరిమాణము! ఆ కార్డైటునే చేయుటకు ఇరువదవ శతాబ్దారంభమున నీలగిరులలోని అరువంగాడునందు కర్మాగారము వెలసినది. అది నేటికిని మందును తయారుచేయుచున్నది. ఇటీవలి మందులలో కొన్నింటిని ఉష్ణోగ్రతకు అంతగా చలింపనట్లు చేయుచున్నారు. కాని రెంటచింతలలోని మే నెల మధ్యాహ్నము ఏ పట్టికకును పరీక్షాగృహము కాలేదని మాత్రము గుర్తుంచుకొనవలెను.

గణితశాస్త్రజ్ఞుడు చెప్పవలసినదియు కొంత కలదు. ఒకే చేతితో, ఒకే సామగ్రితో నింపిన పది తూటాలను వరుసగ కాల్చినను పది పీడనములు వచ్చును. ప్రమాణసంస్థ చెప్పు గరిష్ఠము ఏ ఒక్క తూటాదియును కాదు. అది సగటునకు పెట్టిన హద్దు. ఐరోపా సంఘము ఒంటి తూటా ఆ హద్దును నూటికి పదునైదు పాళ్ళకు మించి దాటరాదని వేరుగ నియమించినది. రైఫిళ్ళను పరీక్షించు ప్రత్యేకపు తూటాలకైతే నూటికి ఇరువదియైదు పాళ్ళు అధికముగ నుండవలెను. పది తూటాల సగటు మరియొక పది తూటాల సగటుతో సరిగ కలియదు. పట్టిక వ్రాయువాడు ఈ చెదరుటను చూచి, చెదరుట ఎక్కువగనున్న మందును హద్దుకు ఎంతో దూరముననే ఆపును. తక్కువగనున్నదానిని హద్దుకు దగ్గరగ పోనిచ్చును. ఈ నిర్ణయము లెక్కచేత కొంత, అనుభవముచేత కొంత జరుగును. ఇరువురు అనుభవజ్ఞులు ఇరువది గింజల బరువుకడ, ఇరువదిన్నర గింజల బరువుకడ వేరువేరుగ ఆగుటలో వింత లేదు. ఈ గింజ యనునది పౌనులో ఏడువేలవ వంతు, సుమారు 65 మిల్లీగ్రాములు. అమెరికా గురికాండ్రు మందును దీనితోనే తూతురు. అమెరికా ప్రయోగశాలలు ఒకదానితో ఒకటి పొంతన కుదుర్చుకొనుటకు ఒక ఉపాయమును పాటించును: ముందే విలువ నిర్ణయింపబడిన మూలతూటాలను తమ గొట్టములో కాల్చి, వచ్చిన అంకెకును నిర్ణీతమైన అంకెకును గల తేడాను తమ ఇతర ఫలితములకు సవరణగ కలుపును. ప్రమాణ గొట్టములు, ప్రమాణ సాధనములు గల ప్రయోగశాలలకే ఇట్టి సవరణ అవసరమైనపుడు, ఆ అంకెలు గ్రంథమునకు గ్రంథమునకు తు.చ. తప్పక కలియవలెనని కోరుట శాస్త్రమును ఎరుగని కోరిక.

వ్యాజ్యభయము లేనే లేదని నేను చెప్పుట లేదు. సంస్థలు జాగ్రత్తపడుట ధర్మమే. కాని ఆ ఒక్క మాటతో సర్వమును వివరించువారు, తమ తుపాకి బలమైనదనియు, పెద్ద అంకెయే నిజమైనదనియు నిశ్చయించుకొని దానినే ఎన్నుకొనుచున్నారు. గ్రంథకర్తలందరును ఏకకంఠముతో చెప్పు మాటను, గరిష్ఠమునకు నూటికి పది పాళ్ళు తక్కువగ ప్రారంభించి గుల్లను, ప్రైమరును పరీక్షించుకొనుచు మెల్లగ పైకి పోవలెనన్న మాటను, వారు పెడచెవిని పెట్టుచున్నారు. ఈ మాట పిరికివారి మాట కాదు. చదువరి తుపాకిలో ఆ ప్రయోగమును గ్రంథకర్త చేయలేదన్న సత్యమునకు అది అనువాదము. కనుక తూటాలను మరల నింపుకొనుటకు వీలున్న దేశములలో ఈ పనికి పూనుకొను తెలుగువారికి నా మనవి ఇది: గ్రంథముల అంకెలను సగటు కట్టవద్దు, ఒక గ్రంథపు గుండును మరియొక గ్రంథపు మందు పరిమాణముతో జతపరుపవద్దు, పట్టికకు ముందుగ ఆ పరీక్ష ఏ గొట్టములో, ఏ గుల్లతో, ఏ ప్రైమరుతో, ఏ సాధనముతో జరిగెనో చెప్పు పుటను చదువుడు, ఆ పుట లేని పట్టికను, ముద్రించినవారు ఎంతటివారైనను, పక్కన పెట్టుడు.